హేగ్ న్యాయపీఠం దాకా: ఏ దశలో ఏం చూసుకోవాలి

అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించి, ప్రభుత్వంలో పదవులు చేసి, ఆపైన హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జిలైన వాళ్లున్నారు. నైజీరియా పండితుడు తస్లిం ఎలియాస్ న్యాయశాఖ మంత్రిగా, ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి వెళ్లి, 1982 నుంచి 1985 వరకు ఆ కోర్టుకు అధ్యక్షత వహించారు. ఈ మూడు వృత్తులూ ఒకదానికొకటి తోడ్పడతాయి, అడ్డూ పడతాయి. ఆ అడ్డంకుల సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

చదువుకునే రోజుల్లోనే ఫ్రెంచ్ పట్టండి. కోర్టు అధికార భాషలు ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండే. ఒప్పందాలు, సముద్ర సరిహద్దులు, దేశాల బాధ్యత వంటి అంశాల్లో ఒకదాన్ని లోతుగా పట్టుకోవాలి. కోర్టు ఫెలోషిప్‌కు సొంతంగా దరఖాస్తు పెడితే తీసుకోరు, విశ్వవిద్యాలయమే పేరు పంపాలి.

తర్వాతి మెట్టు విదేశాంగ శాఖలో న్యాయ సలహాదారు పని, లేదా అంతర్జాతీయ న్యాయసూత్రాల ముసాయిదాలు రాసే ఐక్యరాజ్యసమితి సంఘం, అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో సభ్యత్వం. కమిషన్‌లో ఉన్నవి 34 స్థానాలు, పదవీకాలం అయిదేళ్లు. ఎన్నుకునేది ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభే కాబట్టి, జడ్జి ఎన్నికకు ముందే అక్కడి ప్రతినిధులకు మీరెవరో తెలుస్తుంది.

జడ్జి పదవికి పేరు ప్రతిపాదించేది, కాగితం మీద, ప్రభుత్వం కాదు. శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానంలోని జాతీయ బృందం, అంటే ఆ సంస్థకు ఒక్కో దేశం నియమించిన న్యాయకోవిదుల జట్టు, ప్రతిపాదించాలి. ఒక బృందం నలుగురికి మించి ప్రతిపాదించకూడదు, వారిలో సొంత దేశస్థులు ఇద్దరికి మించకూడదు. మూడేళ్లకోసారి అయిదు స్థానాలు ఖాళీ అవుతాయి. మీ ప్రాంతపు జడ్జి గడువు ఎప్పుడు తీరుతుందో ముందే చూసుకోండి, ఆ ఏడు తప్పితే మళ్లీ ఏళ్ల నిరీక్షణే.

గెలవాలంటే సర్వసభ్య సభలో 97, భద్రతా మండలిలో 8 ఓట్లు కావాలి. రెండూ విడివిడిగా, ఏకకాలంలో ఓటేస్తాయి, వీటో చెల్లదు. ఒక్కచోటే ప్రచారం చేస్తే చిక్కే. 2017లో భారత జడ్జి దల్వీర్ భండారీకి సభలో, బ్రిటన్ జడ్జి క్రిస్టఫర్ గ్రీన్‌వుడ్‌కు మండలిలో మెజారిటీ వచ్చి రౌండ్ల మీద రౌండ్లు నడిచాయి. చివరికి గ్రీన్‌వుడ్ తప్పుకున్నారు.

పదవి తొమ్మిదేళ్లు. ఆ కాలంలో రాజకీయ పదవి గానీ, మరే వృత్తి గానీ కుదరదు. అంతకంటే పెద్ద మెలిక కోర్టు నిబంధనావళి (స్టాట్యూట్) 17వ అధికరణం: వకీలుగానో, మరో హోదాలోనో గతంలో పాల్గొన్న కేసులో మీరు తీర్పు చెప్పలేరు. అందుకే మంత్రిగా ఉన్నప్పటి నుంచే, ఏ వివాదంలో ఏ సలహా ఇచ్చారో తేదీలతో రాసిపెట్టుకోండి. రాయబారిగా దేశం తరఫున మాట్లాడటం వేరు, నిర్దిష్ట వివాదంపై సొంత అభిప్రాయం చెప్పడం వేరు. పాలస్తీనా భూభాగంలో ఇజ్రాయెల్ కట్టిన గోడ వ్యవహారంలో ఈజిప్ట్ జడ్జి నబీల్ ఎలరాబీ కూర్చోరాదని ఇజ్రాయెల్ అభ్యంతరపెడితే, ఆయన ఈ ప్రశ్నపై ఏ అభిప్రాయమూ వెలిబుచ్చలేదని 2004లో కోర్టు 13–1తో తోసిపుచ్చింది. పత్రికలతో మాట్లాడేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోవాలి.

ఒక్క కుర్చీ ఖాళీ అయితే ఏమవుతుందో 1966 నైరుతి ఆఫ్రికా (నేటి నమీబియా) కేసు చూపింది. పాకిస్తాన్ మాజీ విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్ ఆ విచారణలో కూర్చోలేదు. ఓట్లు 7–7గా చీలాయి. అధ్యక్షుడు పెర్సీ స్పెండర్ నిర్ణాయక ఓటుతో దక్షిణాఫ్రికాపై ఇథియోపియా, లైబీరియాలు వేసిన దావా వీగిపోయింది.