లెవెల్ వెతకడానికి డిజిటల్, స్థిరంగా ఉంచడానికి రెసిస్టర్ ప్యాడ్

రేడియో సర్క్యూట్‌లో మిక్సర్ (సిగ్నల్ ఫ్రీక్వెన్సీ మార్చే భాగం) ముందు సిగ్నల్ ఎంత తగ్గించాలో తెలియక, ప్యాడ్‌లు (సిగ్నల్‌ని స్థిరంగా తగ్గించే రెసిస్టర్ల కూర్పులు) ఒక్కొక్కటే టంకం వేసి, పీకి, మళ్లీ వేయడంతోనే పూట గడిచిపోతుంది. ముందు ఆ చోట డిజిటల్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని మెట్లు మెట్లుగా తగ్గించే చిప్) పెట్టండి. పీఈ4302 లాంటిది 0.5 డీబీ (డెసిబెల్) మెట్లతో 31.5 డీబీ వరకు తగ్గిస్తుంది. సరైన లెవెల్ దొరికాక ఆ అంకె రాసుకుని, దానికి చిప్ సొంత నష్టం కూడా కలపండి. చాలామంది మరిచేది ఇదే. సున్నా దగ్గర పెట్టినా చిప్ సుమారు 1.5 డీబీ తినేస్తుంది. అంటే 8.5 దగ్గర కుదిరితే, కావలసిన ప్యాడ్ 10 డీబీ.

ఇక చిప్ తీసేసి, ఆ చోట 50 ఓమ్‌ల లైన్‌కి సరిపడే π (పై అక్షరం ఆకారపు) ప్యాడ్ కట్టేయండి. 10 డీబీకి రెండు పక్కలా భూమికి (గ్రౌండ్‌కి) 96.2 ఓమ్‌లు, మధ్యలో 71.2. 1 శాతం రకంలో 97.6, 71.5 వాడితే చాలు. 6 డీబీకైతే 150, 37.4. చిన్న ఎస్‌ఎండీ (తీగ కాళ్లు లేకుండా బోర్డు మీదే టంకం వేసే) ముక్కలే వాడండి. పొడుగు కాళ్లున్నవైతే పై ఫ్రీక్వెన్సీల్లో కాళ్ల ఇండక్టెన్స్ లెక్కంతా చెడగొడుతుంది.

జాగ్రత్త: 10 డీబీ ప్యాడ్‌లో వచ్చిన పవర్‌లో సగానికి పైగా మొదటి భూమి రెసిస్టరే మోస్తుంది. 200 మిల్లీవాట్లు పంపితే దానిమీద 104 పడుతుంది, కాబట్టి 1/8 వాట్ ముక్కకు అదే అంచు. సిగ్నల్ లెవెల్ మాటిమాటికీ మారే చోట మాత్రం ఈ మార్పిడి వద్దు, డిజిటల్‌నే ఉంచేయండి.