ఐదు స్మైలీలు కావాలంటే టైల్స్ కంటే ముందు థర్మామీటర్ కొనండి

మల్కాజిగిరిలో మాది చిన్న క్యాటరింగ్ కిచెన్. పెళ్లిళ్లు, గృహప్రవేశాలతో పాటు ఉప్పల్ వైపు ఆఫీసులకు మధ్యాహ్న భోజనం పంపిస్తాం. "మేడం, మీకు హైజీన్ రేటింగ్ ఉందా?" అని మొదట అడిగింది ఆ ఆఫీసుల వాళ్లే. ఈమధ్య పెళ్లివారు కూడా అడుగుతున్నారు. తోటి క్యాటరర్లు ఫోన్ చేసినప్పుడు నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నా.

లైసెన్స్ వేరు, రేటింగ్ వేరు. 14 అంకెల నంబరుతో వచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్ గానీ రిజిస్ట్రేషన్ గానీ లేకుండా పొయ్యి వెలిగించడానికే లేదు. హైజీన్ రేటింగ్ మాత్రం మనం కోరి తెచ్చుకునేది. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తించిన ఆడిట్ ఏజెన్సీకి ఫీజు కట్టి పిలిస్తే వాళ్ల ఆడిటర్ వచ్చి చూస్తారు. ఒకటి నుంచి ఐదు దాకా స్మైలీలు ఇస్తారు. ఇవి కాక ఫుడ్ సేఫ్టీ అధికారుల తనిఖీ ఉంది, అది చెప్పి రాదు. 2024లో రాష్ట్ర ఫుడ్ సేఫ్టీ శాఖ టాస్క్‌ఫోర్స్ నగరంలోని హోటళ్లు వరసగా తిరిగి, దొరికిన లోపాలను ఫోటోలతో సహా బయటపెట్టింది కదా, అది. వీటన్నిటికీ మూలం 2011 ఫుడ్ లైసెన్స్ నిబంధనల్లో శుభ్రత ఎలా ఉండాలో చెప్పే షెడ్యూల్ 4. కాబట్టి ఒకసారి సరిగ్గా సర్దుకుంటే అన్నిటికీ పనికొస్తుంది.

క్యాటరింగ్‌కు ప్రత్యేకంగా చెక్‌లిస్ట్ ఉంది, మొత్తం 114 మార్కులు. ప్రింట్ తీసుకోండి. కొన్ని ప్రశ్నల పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. అందులో ఒక్కటి తప్పినా మిగతావాటిలో ఎన్ని మార్కులొచ్చినా లాభం లేదు, అందుకని ముందు వాటి సంగతి చూడండి. ఇంకోమాట, ఆదివారం కడిగి తుడిచి కూర్చున్నాక కాదు, పదకొండున్నరకు ఆటో బయట హారన్ కొడుతుంటే, లోపల క్యారియర్లు నింపుతుంటే, అప్పుడు పెన్సిల్ పట్టుకుని మార్కులు వేసుకోండి. నిజం అప్పుడే తెలుస్తుంది.

మనవాళ్లు రేటింగ్ అనగానే గోడలకు టైల్స్ వేయిస్తారు. వేయించండి, కాదనను. కానీ మార్కులు ఎక్కువగా పోయేది వండిన పదార్థం ఎంత వేడిలో, ఎంతసేపు ఉందన్న దగ్గర. దానికి గుచ్చి చూసే థర్మామీటర్ కావాలి. మా మాస్టర్ మొదట్లో నవ్వాడు. "గరిటె పట్టుకుంటే తెల్వదా అక్కా, గింత దానికి మిషిన్ ఎందుకు?" అన్నాడు. గుండిగలో పప్పు పైన మీగడ కట్టి చల్లగా కనిపిస్తుంటే, ముల్లు నడిమధ్యకు దింపి చూపించాను. 58 డిగ్రీలు చూపించింది, లోపల చల్లారనే లేదు. వండి అప్పటికి రెండు గంటలు దాటింది. అప్పటినుంచి థర్మామీటర్ మాస్టర్ జేబులోనే ఉంటోంది.

లెక్క ఇదీ. వడ్డించేదాకా వేడిగా ఉండాల్సినవి 65 డిగ్రీల పైన ఉంచితే వెజ్‌కీ నాన్‌వెజ్‌కీ సరిపోతుంది. ఫ్రిజ్ 5 లేదా అంతకంటే తక్కువ, డీప్ ఫ్రీజర్ మైనస్ 18. రేపటికి దాచేది ఏదైనా 60 నుంచి 21కి రెండు గంటల్లోపు దిగాలి, అక్కడినుంచి ఆలస్యం లేకుండా 5కి. గుండిగలో వదిలేస్తే ఇది జరిగే పని కాదు. రెండంగుళాల లోతున్న స్టీలు ట్రేల్లోకి పరిచి, కింద ఐసు నీళ్లు పెట్టి, మధ్యమధ్య కలపాలి. తిరిగి వేడి చేసేటప్పుడు లోపలి దాకా 75 రావాలి, ఆ వేడి మీద కనీసం రెండు నిమిషాలు ఉండాలి. చల్లారిన సాంబారులో మరిగే నీళ్లు పోసి "వేడైపోయింది" అనడం కుదరదు, చెక్‌లిస్ట్‌లోనే వద్దని రాసి ఉంది.

థర్మామీటర్ సరిగ్గా ఉందో లేదో కరుగుతున్న ఐసులో పెట్టి చూడండి, సున్నా చూపించాలి. మరిగే నీళ్లలో పెడితే మన ఊళ్లో 98 దగ్గరే ఆగుతుంది. ఊరు ఎత్తు మీద ఉంది కాబట్టి అంతే, షాపువాడితో గొడవకు వెళ్లకండి.

తర్వాత లేబుళ్లు. టాస్క్‌ఫోర్స్ నివేదికల్లో పదేపదే కనిపించిన మాట, ఫ్రిజ్‌లో సగం వండిన పదార్థాలకు లేబుల్ లేదని. అల్లం వెల్లుల్లి ముద్ద, నానబెట్టిన చికెన్, ఉల్లి గ్రేవీ, దేనికైనా చేసిన తేదీ, టైమ్, ఎప్పటిలోపు వాడాలి అని మాస్కింగ్ టేప్ మీద రాసి అంటించండి. పచ్చి మాంసం కింది అరలో, వండినవి పై అరలో. రెండు ఫ్రిజ్‌లు ఉంటే వెజ్ వేరు చేసేయడం ఇంకా నయం.

నూనె విషయంలో కక్కుర్తి వద్దు. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పెరిగే చెడు పదార్థాలు, అంటే టోటల్ పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. రోజుకు 50 లీటర్లకు మించి వాడేవాళ్లు రికార్డు కూడా రాయాలి. బిర్యానీకీ చికెన్ 65కీ సింథటిక్ రంగు వాడకూడదు. "ఎర్రగా లేకపోతే పార్టీ ఒప్పుకోదు" అంటారు. కాశ్మీరీ మిర్చి వాడితే ఒప్పుకుంటుంది. పచ్చిగుడ్డు మయోనైజ్‌ను 2024 అక్టోబర్ చివర్లో రాష్ట్రం ఏడాదిపాటు నిషేధించింది. నేనైతే ఆ తర్వాత కూడా దాని జోలికి పోలేదు, బఫేలో గంటలకొద్దీ బయట ఉండే సరుకు అది.

నిజంగా కష్టమైనది మనుషుల ఫైలు. వంటలో చేయి పెట్టే ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి, టైఫాయిడ్ టీకా వేయించాలి. ప్రతి 25 మందికి ఫాస్టాక్ (ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహార భద్రత కోర్సు) శిక్షణ తీసుకున్న సూపర్‌వైజర్ ఒకరు ఉండాలి. ముహూర్తాల సీజన్‌లో రోజుకూలీ కుర్రాళ్లకు ఇవన్నీ ఎక్కడ తెస్తాం? అందుకే నేను బయటి కుర్రాళ్లను వంటింట్లోకి రానివ్వను. బల్లలు వేయడం, సామాను దించడం వరకే వాళ్ల పని. వడ్డనకు కూడా పాతవాళ్లనే పంపిస్తాను.

పెస్ట్ కంట్రోల్ బిల్లు, నీటి పరీక్ష రిపోర్టు ఫైల్లో పెట్టండి. వేసవిలో ట్యాంకర్ నీళ్లు మొదలైతే మళ్లీ పరీక్ష చేయించండి, బోరు నీళ్ల రిపోర్టు దానికి పనికిరాదు.

ఆడిట్ రోజున మామూలు వంటే పెట్టుకోండి. ఆడిటర్ మిమ్మల్ని వదిలేసి గిన్నెలు తోమే అమ్మను "చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కుంటారు?" అని అడగొచ్చు, మీరు మధ్యలో దూరి జవాబు చెప్పకండి. మూడు స్మైలీలే వస్తే టెన్షన్ పడొద్దు, ఏయే ప్రశ్నలో మార్కులు పోయాయో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. డ్రైనేజీ జాలీ, మూత లేని చెత్తబుట్ట లాంటివైతే వారంలో అయిపోతాయి. టెంపరేచర్ రిజిస్టర్ లేదని పోయి ఉంటే మాత్రం కనీసం రెండు మూడు నెలలు రోజూ రాశాకే మళ్లీ పిలవండి. ఒకే పెన్నుతో ఒకే రాత్రి నింపిన రిజిస్టర్‌ను వాళ్లు ఇట్టే పట్టేస్తారు.