పాత కారులో మీటరు దీపాలు ఉండి ఉండి ఆరిపోతుంటే

పాత మారుతి 800లో రాత్రిపూట మీటరు దీపాలు కాసేపు వెలిగి, గతుకు తగలగానే ఆరిపోతుంటే చాలామంది ముందుగా బల్బులు మార్చేస్తారు. కాని దీపాలన్నీ ఒకేసారి ఆరి మళ్లీ వెలుగుతున్నాయంటే అది బల్బుల దోషం కాదు, ఎక్కడో లూజ్ కాంటాక్టు ఉన్నట్లే.

అందుచేత డాష్‌బోర్డు విప్పే ముందు, ఆ దీపాలతో పాటు ఇంకేమి ఆరుతున్నాయో చూడాలి. సాధారణంగా వీటికి కరెంటు పార్కింగ్ లైట్ల లైను నుంచే వస్తుంది కాబట్టి, బండిని నిలిపి, ఒకరిని వెనుక నిలబెట్టి, టెయిల్ లైట్లు కూడా అదే క్షణంలో ఆరుతున్నాయేమో గమనించమనాలి. అవీ ఆరుతుంటే ఫ్యూజు క్లిప్పులను, స్టీరింగు కింది లైట్ల స్విచ్చును అనుమానించాలి. ఫ్యూజు పోతోందని ఎక్కువ ఆంపియర్లది వేయడం వైరింగుకు నిప్పు పెట్టుకోవడమే. ఇంజను వేగాన్ని బట్టి వెలుగు హెచ్చుతగ్గులవుతుంటే బ్యాటరీ టెర్మినళ్లను, ఛార్జింగును చూసుకోవాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి.

మీటరు దీపాలు మాత్రమే ఆరుతుంటే, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, మీటరు స్క్రూలు విప్పి, వెనుకనున్న స్పీడోమీటరు కేబులును ఊడదీసిన తరువాతే మీటరును బయటికి లాగాలి. దాని వెనుక పల్చని ప్లాస్టిక్ పొరపై రాగి గీతలు, వాటిపై బిగించిన బల్బు హోల్డర్లు కనిపిస్తాయి. హోల్డరు తిప్పి తీస్తే, దాని కాళ్లు ఆనే చోట రాగి నల్లబడి ఉండవచ్చు. ఆ మచ్చను పిల్లలు వాడే రబ్బరుతో రుద్దాలే తప్ప గరుకు కాగితంతో కాదు, ఎందుకంటే ఆ రాగి పొర ఇట్టే లేచిపోతుంది. హోల్డరు కాళ్లను కొద్దిగా పైకి వంచితే పట్టు బిగుస్తుంది.

అప్పటికీ లోపం పోకపోతే ఎర్త్, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగివెళ్లే దారి, చూడాలి. బ్యాటరీని, మీటరు వెనుక వైర్ల ప్లగ్గులైన కప్లర్లను తిరిగి కలిపి, లైట్లు వేసి, వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని మీటరు ఎర్త్ వైరుకు ఆనించి, వైర్ల కట్టను మెల్లగా కదపాలి. 0.2 వోల్టులు దాటినా, అంకె ఎగిరెగిరి పడినా, ఎర్త్ బోల్టు కింది తుప్పును గీకి బిగించాలి. వానాకాలంలో ముందు అద్దం రబ్బరు కారే బండ్లలో నేనైతే ఈ బోల్టునే ముందుగా చూస్తాను.

బల్బుల బదులు ఎల్‌ఈడీలు వేసినవారు, అవి వెలగకపోతే తీసి, అటుదిటు తిప్పి పెట్టాలి. మీటరును బిగించే ముందే అన్ని దీపాలూ వెలిగించి చూసుకుని, కేబులును గట్టిగా నొక్కి కూర్చోబెట్టి, ఆ రాత్రి గతుకుల దారిలోనే నడిపి చూడాలి.