‘నేను’ ఎవరో వెతకాలంటే ఎక్కడ మొదలెట్టాలి: కాంట్, ఫిఖ్టే, హెగెల్ చదవడానికి ఓ దారి

జర్మన్ ఐడియలిజం, అంటే కాంట్ తర్వాత ఫిఖ్టే, షెల్లింగ్, హెగెల్ సాగించిన జర్మన్ తత్వచింతన, చదువుదామని కాంట్ ‘క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్’ ముందుమాట దగ్గర కూర్చుంటే చాలామందికి వారం తిరక్కుండానే ఆసక్తి చచ్చిపోతుంది. అలా చదవకండి. కాంట్, ఫిఖ్టే, హెగెల్ ముగ్గురి దగ్గరా మూడు చిన్న భాగాలు పట్టుకోండి, మూడింటినీ ఒకే ప్రశ్న అడగండి: నాకు ఏదైనా తెలుస్తోంది అన్నప్పుడు, ఆ ‘నాకు’ అనేవాడి సంగతేంటి?

పుస్తకం తెరవకముందు ఓ పని చేయండి. సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ కనిపించేలా గట్టు మీద కూర్చుని దాన్నే చూడండి. కాసేపయ్యాక ‘నేను దీన్ని చూస్తున్నాను’ అని గమనించండి. ఇప్పుడు ఆ గమనించినవాణ్ణి పట్టుకోండి చూద్దాం. పట్టుకున్నాననుకున్న ప్రతిసారీ వాడు కూడా సబ్‌మెరైన్ లాగే ఎదురుగా కనిపించే వస్తువైపోతాడు, చూసేవాడు మళ్లీ వెనక్కి జారుకుంటాడు. 1790ల్లో జర్మనీలోని యేనా యూనివర్సిటీలో ఫిఖ్టే తన క్లాసులో చేయించింది దాదాపు ఇదే. ముందు గోడని తలుచుకోమన్నాడట, తర్వాత గోడని తలుచుకున్నవాణ్ణి తలుచుకోమన్నాడట. అక్కడికి వచ్చేసరికి క్లాసంతా తికమకపడిందని ఆ రోజుల్లో అక్కడున్న స్టెఫెన్స్ అనే తత్వవేత్త తన జ్ఞాపకాల్లో రాశాడు. మీకూ తికమకగా ఉంటే మంచిదే, చదవడానికి సిద్ధమైనట్టు.

ఇప్పుడు కాంట్. ‘క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్’కి 1787లో వచ్చిన రెండో ఎడిషన్‌లో 16వ సెక్షన్ తీయండి. మంచి ఇంగ్లీషు అనువాదాల్లో మార్జిన్‌లో ఏ (మొదటి ఎడిషన్ పేజీ), బీ (రెండో ఎడిషన్ పేజీ) అని నంబర్లుంటాయి, ఈ సెక్షన్ బీ 131 దగ్గర మొదలవుతుంది. నాకు కలిగే ప్రతి భావం వెంటా ‘నేను అనుకుంటున్నాను’ అన్నది ఉండగలగాలి, లేకపోతే అది నాకు సంబంధించిందే కాదు అంటాడు. ‘ఉండగలగాలి’ అన్నాడు గానీ ‘ఉంటుంది’ అనలేదు, ఇక్కడ తొందరపడకండి. అలల చప్పుడు, కాలుతున్న మొక్కజొన్న పొత్తు వాసన, కళ్లెదుట సబ్‌మెరైన్ అన్నీ కలిసి ఒకే సాయంత్రం ఎలా అయ్యాయి? కలిపే పని ఏదో జరుగుతోంది, ఆ కలిపేది ఒకటే అయ్యుండాలి. 1781 మొదటి ఎడిషన్‌లో ఇందుకు మంచి ఉదాహరణ ఉంది: ఒక పద్యంలో మాటల్ని తలా ఒకటి పంచిపెడితే ఎవరి బుర్రలోనూ పద్యం ఉండదు. ఓ ఆటవెలదిని నలుగురికి పాదం చొప్పున ఇచ్చి, ఒకరిది ఒకరు వినకుండా చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అయితే దీన్నిబట్టి లోపల విడదీయరాని ఆత్మ ఒకటి ఉందని రుజువైపోయిందనుకుంటే మోసపోయినట్టే, ఆ ఉదాహరణ ఇచ్చిందే ఈ మోసం చూపించడానికి. ఆలోచనకి ఒక ‘నేను’ కావాలి, సరే. ఆ నేను ఎలాంటి వస్తువో మాత్రం దీన్నుంచి తేలదు.

సరిగ్గా ఇక్కడే పక్కనున్నవాళ్లు ‘ఇదంతా అద్వైతమే కదండీ’ అంటారు. రాధాకృష్ణన్ ఆంధ్రా యూనివర్సిటీకి 1931 నుంచి 1936 దాకా వైస్‌చాన్సలర్‌గా చేసిన ఊరు, ఆ మాట రాకుండా ఉంటుందా! కానీ అద్వైతంలో సాక్షి చైతన్యం అంటే పరమసత్యం, కాంట్ ‘నేను’ అంత బరువు మొయ్యదు. పోలికలు తర్వాత చూసుకోవచ్చు, ముందు తేడా రాసి పెట్టుకోండి.

ఫిఖ్టే దగ్గర 1794-95 నాటి పెద్ద పుస్తకం జోలికి ఇప్పుడే పోవద్దు, నిజంగా తలనొప్పి. 1797లో తన సిద్ధాంతాన్ని కొత్తగా చెప్పడానికి మొదలెట్టి మధ్యలో వదిలేసిన రచన ఉంది, దాని మొదటి అధ్యాయం చాలు. బీచ్‌లో మీకెదురైన చిక్కే అక్కడి వాదన. నన్ను నేను తెలుసుకోవడానికి చూసే నేను ఇంకొకటి కావాలంటే, దానికి మరొకటి, ఎక్కడా ఆగదు. మనకేమో మన సంగతి తెలుస్తూనే ఉంది. కాబట్టి చూసేది, కనిపించేది అని విడిపోకముందే తెలియడం ఒకటి ఉండాలి, అది చేసే పని రూపంలో ఉంటుంది, వస్తువు రూపంలో కాదు అంటాడు. ‘ప్రపంచాన్ని నా మనసే పుట్టించింది’ అని ఫిఖ్టే అన్నాడని చెప్పే యూట్యూబ్ వీడియోలు కనిపిస్తే దాటేయండి.

దీనికన్నా నాకు నచ్చేది 1796లో హక్కుల మీద రాసిన పుస్తకంలోని మాట. ఇంకొక మనిషి పిలిస్తేనే నేను స్వేచ్ఛ ఉన్నవాణ్ణని నాకు తెలుస్తుందట. గట్టు మీద కూర్చున్న మీ దగ్గరికి ఎవరో వచ్చి ‘ఏవండీ, మాకో ఫొటో తీస్తారా?’ అని ఫోన్ చాపుతారు. అల వచ్చి కాళ్లు తడిపితే మీ ఇష్టంతో పనిలేదు, ఇక్కడ మాత్రం సరే అనొచ్చు, కుదరదనొచ్చు. అడిగిన మనిషి మిమ్మల్ని జవాబు చెప్పగలవాళ్లుగా లెక్కేశాడు, మీరూ అతన్ని అడగగలవాడిగా లెక్కేశారు. ఇది ఒంటపడితే హెగెల్ సగం దారికొచ్చినట్టే.

షెల్లింగ్‌ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి, ఆయన 1800 నాటి పుస్తకం రెండో విడతకి. హెగెల్ 1807 ‘ఫినామినాలజీ ఆఫ్ స్పిరిట్’లో నాలుగో అధ్యాయం తీసి యజమాని, బానిస భాగం దాకా వెళ్లండి. పిలుపు మర్యాదగా రాకపోతే ఏమవుతుందన్నదే కథ. ఇద్దరూ ఎదుటివాడి గుర్తింపు కోసం చావోరేవో తలపడతారు, ప్రాణభయంతో లొంగినవాడు బానిసవుతాడు. గెలిచినవాడికి దక్కిందేంటి? తాను మనిషిగానే లెక్కచేయనివాడి దగ్గర్నుంచి గౌరవం! అది దేనికి పనికొస్తుంది? బానిస మాత్రం వస్తువుల మీద పనిచేసి, తన చేతిపనిలో తనని చూసుకుంటాడు. ఈ కొద్ది పేజీల్ని ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ లాంటి చోట ఫోన్ లోపల పెట్టేసి చదవండి, బస్సులో చదివితే ఎక్కదు.

ఒక్కో భాగం అయ్యాక పుస్తకం మూసేసి తెలుగులో అరపేజీ రాయండి. ‘సమన్వయాత్మక ఏకత్వం’ లాంటి మాటలు పడుతుంటే మీకు ఇంకా అర్థం కాలేదు. గెలిచిన యజమానికి ఎందుకు తృప్తి లేదో ఇంటర్ చదివే మీ మేనకోడలికి చెప్పి చూడండి, ఆ పిల్ల ‘మరి బానిస పారిపోవచ్చు కదా?’ అని అడ్డం తగిలితే మళ్లీ అదే అధ్యాయంలో ప్రాణభయం గురించి ఉన్న పేరా తీసి, ఇద్దరూ కలిసి చదవండి.