వార్‌ఫ్రేమ్ నేర్చుకుందాం – 4: లిచ్‌ను పొడిచి కువా ఆయుధం పట్టుకోవడం

వార్‌ఫ్రేమ్ అనే ఆన్‌లైన్ షూటింగ్ ఆటలో కువా లిచ్ అంటే మీ వెంటపడే పగవాడు. రెక్వియమ్ మాడ్‌లతో వాడిని చంపితే కువా ఆయుధం దక్కుతుంది. పోయిన పాఠంలో ఆ మాడ్‌లు దాగి ఉండే రెక్వియమ్ రెలిక్‌లు ఎక్కడ దొరుకుతాయో, కువా ఫోర్ట్రెస్‌లో వాటిని ఎలా తెరవాలో చూశాం. ఫాస్, జాహు, ఖ్రా, లోక్, నెట్రా, రిస్, వోమ్, జాటా. ఈ 8 మాడ్‌లలో (ఆయుధంలో పెట్టుకునే కార్డులు) సగానికి పైగా మీ దగ్గర చేరి ఉంటాయనుకుని మొదలుపెడుతున్నా. తక్కువైనవాటిని ట్రేడ్ చాట్‌లో ప్లాటినమ్‌కి (ఆటలోని డబ్బు) కొనుక్కోవచ్చు. ‘ద వార్ వితిన్’ క్వెస్ట్ మాత్రం పూర్తయి ఉండాలి, అది లేకుండా లిచ్ మీ గడప తొక్కడు. మాస్టరీ ర్యాంకు (ఆటలో మీ మొత్తం స్థాయి) కూడా ఒకసారి చూసుకోండి: కువా ఆయుధాలు పట్టాలంటే 13 నుంచి మొదలు, బ్రామా విల్లుకి 15 కావాలి.

ముందుగా ఒక హెచ్చరిక. కువా లిచ్‌లు ఆటలోకి వచ్చింది 2019 అక్టోబర్ 31న, ‘ద ఓల్డ్ బ్లడ్’ అప్‌డేట్‌తో. అప్పట్లో ఏ ఆయుధం వస్తుందో తెలియకుండానే లిచ్‌ను పుట్టించుకోవాల్సి వచ్చేది. 2021 జులైలో ‘సిస్టర్స్ ఆఫ్ పార్వోస్’ వచ్చాక ఆ గుడ్డి బేరం పోయింది, ఆఖరి పోరు జరిగే చోటు కూడా మారింది. యూట్యూబ్‌లో పాత వీడియోలు ఇంకా కుప్పలుగా ఉన్నాయి. తేదీ చూడకుండా వాటిని నమ్మితే దారి తప్పుతారు.

లార్వ్‌లింగ్ దగ్గర తొందర వద్దు

లెవెల్ 20 దాటిన మామూలు గ్రినీర్ (ఒక శత్రు సైన్యం) మిషన్‌లలో కొంతమంది శత్రువులను చంపాక కువా లార్వ్‌లింగ్, అంటే లిచ్ కాబోయే శత్రువు, ప్రత్యక్షమవుతుంది. శని గ్రహం మీద కాసిని అనే క్యాప్చర్ మిషన్ ఇందుకు బాగా పనికొస్తుంది. మిషన్ చిన్నది, ఒంటరిగా ఆడొచ్చు, నచ్చని ఆయుధం కనిపిస్తే బయటికొచ్చి మళ్లీ వెళ్లడానికి ఎక్కువ సేపు పట్టదు.

లార్వ్‌లింగ్‌ను కొట్టగానే అది మోకాళ్ల మీద కూలబడుతుంది, ఏ ఆయుధం తెస్తుందో దాని మీద కనిపిస్తుంది. మీకు కావలసింది అదే అయితేనే పారజాన్‌తో (మీ చేతికుండే చిన్న కత్తి) పొడవండి. కాకపోతే ముట్టుకోకండి, కాసేపటికి అదే పోతుంది. ఒకసారి పొడిచారంటే ఆ లిచ్ వ్యవహారం తేలేదాకా ఇంకో లిచ్ రాదు.

అంతకంటే ముఖ్యం, పొడిచేటప్పుడు మీరు ఏ ఫ్రేమ్‌లో (మీరు ఆడే పాత్ర) ఉన్నారన్నది. ఆయుధానికి అదనంగా వచ్చే ఎలిమెంట్‌ను, అంటే దెబ్బ రకాన్ని, ఆ ఫ్రేమే నిర్ణయిస్తుంది. ఎంబర్, క్రోమా అయితే హీట్. సారిన్, నైడస్, నెక్రోస్ అయితే టాక్సిన్. ఫ్రాస్ట్ అయితే కోల్డ్, వోల్ట్ అయితే ఎలక్ట్రిసిటీ. మేసా, హారో మ్యాగ్నెటిక్ ఇస్తాయి, లోకి, నిక్స్ రేడియేషన్ ఇస్తాయి, రైనో, వుకాంగ్ ఇంపాక్ట్ ఇస్తాయి. ఇంపాక్ట్‌ను నేనెవరికీ చెప్పను. రైనోతో ఆట మొదలుపెట్టినవాళ్లు చాలామంది అదే వేసుకుని వెళ్లి, తీరా ఆయుధం చేతికొచ్చాక నిట్టూరుస్తారు. బోనస్ ఎంతన్నది మాత్రం అదృష్టం. 25 శాతం నుంచి 60 శాతం దాకా ఎంతైనా పడొచ్చు. తక్కువ పడితే పెంచే మార్గం పాఠం చివర ఉంది.

మర్మర్‌లు పదాలు చెబుతాయి, వరస చెప్పవు

లిచ్ పుట్టగానే మీ మ్యాప్‌లో కొన్ని మిషన్‌లు ఎర్రబారతాయి. వాటిలో గెలిచినా మీకు దక్కాల్సిన సరుకులో కొంత వాడు కొట్టేస్తాడు. కంగారు అక్కర్లేదు, వాడి కథ ముగిశాక అదంతా తిరిగొస్తుంది. ఆ మిషన్‌లలో తిరిగే లిచ్ బంట్లను, అంటే థ్రాల్‌లను, కింద పడేసి పారజాన్‌తో పొడిస్తే మర్మర్‌లు (వాడి రహస్యం గురించిన ఆచూకీలు) పోగవుతాయి. అవి నిండేకొద్దీ వాడిని చంపే మూడు రెక్వియమ్ పదాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

ఏ మూడు పదాలో తెలుస్తుంది, ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. వరస తప్పి పొడిస్తే లిచ్ మీ నడుం విరిచి పారేస్తాడు, ఒక రివైవ్ (మళ్లీ లేచే అవకాశం) పోతుంది, వాడి లెవెల్ ఒకటి పెరుగుతుంది. అందుకే మూడు పదాలూ తేలేదాకా లిచ్ ఎదురొచ్చినా పొడవకుండా తప్పించుకు తిరుగుతారు. జట్టులో ఉండి ఈ పని చేస్తే తక్కిన ముగ్గురికీ ఒళ్లు మండుతుంది. మీ లిచ్‌ను మీరు తప్ప ఇంకెవరూ పొడవలేరు మరి. వాడేమో అందరి మీదా పడి కొడుతుంటాడు.

నా మాట వినండి, మొదటిసారి ఎదురైనప్పుడే పొడిచెయ్యండి. ఒక్క పదమే తెలిసినా సరే, దాన్ని పారజాన్ మొదటి గడిలో పెట్టి పొడవండి. లిచ్ లెవెల్ 5 దాటి పెరగడు. లెవెల్ పెరిగితే పోరు గట్టిపడుతుంది తప్ప మీకొచ్చే ఆయుధానికి ఏ నష్టమూ లేదు. చావుకి బదులుగా మీకు దొరికేది వరసలో ఒక ముక్క.

ఇది అంకెల తాళం లాంటిదే, కాకపోతే ఎన్నో గడి దగ్గర తప్పిందో కూడా చెప్పే తాళం. ఉదాహరణకి మూడు పదాలూ తెలిశాయి: రిస్, జాటా, లోక్. వీటిని 6 రకాలుగా పేర్చొచ్చు. రిస్–జాటా–లోక్ అని పెట్టి పొడిచారు. మొదటి పదం పట్టి రెండోది తప్పిందంటే ఇంక ఆలోచించే పనే లేదు, వరస రిస్–లోక్–జాటా. మొదటిదే తప్పిందంటే రిస్ ముందుండే రెండు వరసలూ కొట్టేయండి, నాలుగు మిగిలాయి. రెండోసారి జాటా–రిస్–లోక్ పెట్టండి. ఈసారీ మొదటి గడిలోనే తప్పితే ముందుండేది లోక్ అని ఖాయమైపోయింది, మిగిలినవి రెండే వరసలు. ఎంత దురదృష్టం వెంటాడినా నాలుగో పోటుకి వాడు లొంగి తీరాలి. గుర్తుండదనుకుంటే ప్రతిసారీ పెట్టిన వరస, తప్పిన గడి ఒక కాగితం మీద రాసుకోండి. రెండు రోజులు ఆట వదిలి మళ్లీ వచ్చినప్పుడు ఆ కాగితం విలువ తెలుస్తుంది.

ఊల్ అనే తొమ్మిదో మాడ్ ఒకటుంది, అది ఏ గడిలో పెట్టినా సరిపోతుంది. చేతిలో ఉంటే మూడో పదం తేలకముందే దాని చోట పెట్టి పని కానిచ్చేయొచ్చు.

జట్టు గురించి ఒక్క మాట. వార్‌ఫ్రేమ్‌లో మిషన్ నడిచేది ఆటగాళ్లలో ఒకరి మెషీన్ మీదే. మ్యాచ్‌మేకింగ్ రీజియన్ ఆసియాలో పెట్టుకోండి, ఆప్షన్‌లలో పింగ్ లిమిట్ కూడా తగ్గించుకోండి. హోస్ట్ ఎక్కడో అమెరికాలో ఉంటే కూలిన థ్రాల్‌ను పొడిచే బటన్ మీకు కనిపించేలోపే అది లేచి నిలబడుతుంది.

శనిగ్రహం దగ్గర ఆఖరి పోరు

వరస కుదిరాక లిచ్ శాటర్న్ ప్రాక్సిమాకి పారిపోతాడు. అక్కడికి వెళ్లాలంటే రైల్‌జాక్ అనే అంతరిక్ష ఓడ కావాలి. మీకు లేకపోతే పబ్లిక్‌లో ఇంకొకరి ఓడ ఎక్కేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ వాడిని కూల్చాక రెండు దారులు కనిపిస్తాయి. వ్యాంక్విష్ నొక్కితే వాడు చస్తాడు, ఆయుధం మీ ఫౌండ్రీకి వస్తుంది. కన్వర్ట్ నొక్కితే వాడు మీ మనిషై అప్పుడప్పుడు పోరులో సాయానికొస్తాడు, కానీ ఆయుధం మీకు రాదు. అలా మార్చిన లిచ్‌ను క్లాన్ డోజోలో (ఆటగాళ్ల బృందం స్థావరం) ఇతరులకు అమ్ముకోవచ్చు. మొదటి ఆయుధం చేతిలో పడేదాకా ఆ రెండో బటన్ జోలికి పోకండి.

చేతికొచ్చాక

మామూలు ఆయుధం ర్యాంకు 30తో ఆగుతుంది, కువా ఆయుధం 40 దాకా వెళుతుంది. ఒక్కో ఫోర్మాకి (ఆయుధాన్ని మళ్లీ మలిచే వస్తువు) పరిమితి 2 చొప్పున పెరుగుతుంది, అంటే మొత్తం 5 ఫోర్మాలు. మాడ్‌ల చోటును రెట్టింపు చేసే ఒరోకిన్ క్యాటలిస్ట్ కూడా వేస్తే మాడ్‌లకు 80 పాయింట్ల చోటు దొరుకుతుంది.

ఎలిమెంట్‌ల లెక్కలో ఒకటే సూత్రం: ఆయుధంతో పుట్టిన ఎలిమెంట్ మీరు పెట్టిన మాడ్‌ల తర్వాత, అన్నిటికంటే చివర కలుస్తుంది. టాక్సిన్ బోనస్ ఉన్న ఆయుధానికి ఒక్క కోల్డ్ మాడ్ పెడితే రెండూ కలిసి వైరల్ అనే ఎలిమెంట్ అయిపోతుంది, ఒక గడి ఆదా. హీట్ బోనస్ ఉన్నదానికి కోల్డ్, టాక్సిన్ రెండూ పెడితే అవి ముందే వైరల్‌గా జతకడతాయి, హీట్ విడిగా నిలుస్తుంది.

మొదటి ఆయుధంగా ఏది తెచ్చుకోవాలంటే నా ఓటు కువా న్యూకర్‌కే. ఇది కిరణం విసిరే పిస్టల్, ఒకరిని తాకితే పక్కనున్న ఇంకో ఇద్దరికి పాకుతుంది. పుట్టుకతోనే రేడియేషన్ ఉంది. మేసాతోనో హారోతోనో లార్వ్‌లింగ్‌ను పొడిస్తే మ్యాగ్నెటిక్ వస్తుంది. మాడ్‌లలో కోల్డ్, టాక్సిన్, ఆ తర్వాత హీట్ ఆ వరసలోనే పెట్టండి. ఇప్పుడు ఒకే పిస్టల్‌లో వైరల్, హీట్, రేడియేషన్, మ్యాగ్నెటిక్ నాలుగూ ఉన్నాయి. దీంతో శత్రువును చంపాలని చూడకండి. గుంపు మీద ఒకసారి అలా కిరణం తిప్పి, వెంటనే కండిషన్ ఓవర్‌లోడ్ మాడ్ పెట్టిన కత్తి దూయండి. శత్రువు ఒంటి మీద ఎన్ని రకాల స్టేటస్‌లు (ఎలిమెంట్ దెబ్బల ప్రభావాలు) ఉంటే ఆ మాడ్ అంత గట్టిగా కొడుతుంది. స్టీల్ పాత్ అనే కఠిన స్థాయిలో ఈ జోడీ తేడా మొదటి మిషన్‌లోనే కనిపిస్తుంది.

బ్రామా దారి వేరు. పేలే బాణం, పేలాక చుట్టూ చిమ్మే చిన్న బాంబులు. చూడ్డానికి దీపావళే గానీ బాణాలు చప్పున అయిపోతాయి, దగ్గర్లో వేస్తే మీరే తూలిపోతారు. కాషస్ షాట్ మాడ్ ఆ తూలుడు తగ్గిస్తుంది. ఇరుకు కారిడార్లలో దీన్ని తీయకపోవడమే మర్యాద.

ఇక తక్కువ బోనస్ సంగతి. అదే ఆయుధం రెండోది వస్తే అమ్మేయకండి, వాలెన్స్ ఫ్యూజన్‌లో కలపండి. రెండిట్లో పెద్ద బోనస్‌ను తీసుకుని 1.1తో హెచ్చిస్తుంది, పరిమితి 60. మీ దగ్గర 40, కొత్తది 30 అయితే 44 వస్తుంది. 55 ఉన్నది పడితే ఒక్క కలపడంతోనే 60. ఎలిమెంట్ కూడా రెండిట్లో నచ్చింది ఎంచుకోవచ్చు. కాబట్టి మొదటిసారి ఫ్రేమ్ సరిగ్గా కుదరకపోయినా రెండోసారి సరైన ఫ్రేమ్‌తో వెళ్లి దిద్దుకోవచ్చు. మీరు ఫోర్మాలు వేసిన ఆయుధాన్నే అసలుగా ఉంచి కొత్తదాన్ని అందులో కలపండి. తిరగేసి కలిపారో, పెట్టిన ఫోర్మాలన్నీ బూడిదలో పోసినట్టే.

వచ్చే పాఠం సిస్టర్స్ గురించి, అంటే కార్పస్ అనే ఇంకో శత్రు వర్గంలోని లిచ్ లాంటివాళ్లు, వాళ్లిచ్చే టెనెట్ ఆయుధాలు. రెక్వియమ్ లెక్క ఇదే కానీ లార్వ్‌లింగ్‌కి బదులు క్యాండిడేట్‌ను పిలవాలి, దానికి జెనిత్ గ్రానమ్ క్రౌన్ కావాలి. ఈలోగా కార్పస్ ఓడల్లో ఆ క్రౌన్‌లు మోసే ట్రెజరర్ కనిపిస్తే వదలకండి.