జోన్స్‌ల మూలం వెతకాలంటే పొలం పేరు పట్టుకోండి

మా అల్లుడిది వేల్స్, ఇంటిపేరు జోన్స్. మనవరాలికి వాళ్ల నాన్న వైపు తాతముత్తాతలు కూడా తెలియాలని నేనే పూనుకున్నాను. అక్కడ ఇంటిపేరును నమ్ముకుంటే దారి దొరకదు. పూర్వం తండ్రి పేరే బిడ్డ పేరు చివర చేరేది. జాన్ కొడుకు జోన్స్. 'ఆప్' అంటే కొడుకు; 'ఆప్ రీస్' కాస్తా ప్రైస్, 'ఆప్ హవెల్' పవెల్. ఒకే పల్లెలో చుట్టరికమే లేని జోన్స్‌లు ఎందరో.

వాళ్లను విడదీసి చూపేది వాళ్లు బతికిన పొలానికి ఉండే పేరే. అందుకే ముందు ఇంట్లోని పాత బైబిలు తొలి పేజీ, ఉత్తరాలు, ఊరి సమాధిరాళ్లు చూడండి. చాలా రాళ్ల మీద మనిషి పేరు కింద పొలం పేరు చెక్కి ఉంటుంది. అది దొరికితే సగం పని అయినట్టే! తర్వాత అబెరిస్ట్‌విత్‌లోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ వారి టైథ్ పటాలు తెరవండి. 1840ల ప్రాంతంలో చర్చి పన్ను కోసం గీసినవి. ఏ చేను ఎవరిది, ఎవరు సాగుచేస్తున్నారో ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఉచితం. జనాభా లెక్కల్లో 1841వి పుట్టిన ఊరు చెప్పవు, 1851 నుంచి చెబుతాయి. ఊరి పేరు లాన్‌వైర్ అని ఉంటే కౌంటీ తేలేదాకా ముందుకెళ్లకండి. మేరీమాత చర్చి ఉన్న ఊళ్లకు ఆ పేరే, వేల్స్ నిండా ఉన్నాయి.

ఇక సైన్యం. మొదటి ప్రపంచ యుద్ధ సిపాయిల కాగితాలు 1940 సెప్టెంబరు బాంబు దాడిలో సగానికి పైగా కాలిపోయాయి. మిగిలినవి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 363 అనే వరస కింద ఉన్నాయి. అక్కడ లేకపోతే మెడల్ కార్డు వెతకండి, రెజిమెంటూ నంబరూ తెలుస్తాయి. రెజిమెంటును బట్టి సొంతూరు తేల్చేయకండి. మనుషులు తక్కువైన చోటికల్లా కుర్రాళ్లను మార్చేవారు. చనిపోయినవాళ్లకు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో చాలాసార్లు తల్లిదండ్రుల పేర్లు, చిరునామా ఉంటాయి. 1916 జూలైలో 38వ వెల్ష్ డివిజన్ ఫ్రాన్స్‌లోని మామెట్జ్ అడవిలో ఎందరినో పోగొట్టుకుంది. ఆ వారాల స్థానిక పత్రికలు తప్పక చదవండి. ఫలానా పొలం వారబ్బాయి అని రాసేవారు. 1919 దాకా పత్రికలు నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ వెబ్‌సైట్‌లో ఉచితం.

అంతకు ముందుతరం సిపాయి పింఛను తీసుకుని ఉంటే నేషనల్ ఆర్కైవ్స్‌లోని డబ్ల్యూఓ 97లో పుట్టిన పారిష్ (చర్చి పరిధిలోని ఊరు) దొరుకుతుంది. మన సికింద్రాబాద్ కంటోన్మెంటులో పనిచేసినవాడైతే, అక్కడి పెళ్లిళ్లు, బాప్టిజాలు, ఖననాలు బ్రిటిష్ లైబ్రరీలోని మద్రాసు చర్చి రిజిస్టర్లలో, ఎన్/2 వరసలో వెతకండి.