మన ఊరి ఫైర్ స్టేషన్ సిబ్బందిని సత్కరించాలంటే ఏం చేయాలి?

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ పేలిపోయింది. అందులో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి ఉన్నాయి. మంటలు ఆర్పడానికి వెళ్లినవాళ్లలో 66 మంది ఫైర్ సిబ్బంది మళ్లీ ఇంటికి రాలేదు. వాళ్లను తలుచుకుంటూ ఏటా ఆ రోజున దేశమంతా ఫైర్ స్టేషన్లలో మౌనం పాటిస్తారు. అక్కడి నుంచి ఏప్రిల్ 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో సిబ్బంది మన బడులకు, ఆసుపత్రులకు, అపార్ట్‌మెంట్లకు వచ్చి కరపత్రాలు పంచుతారు, మాక్ డ్రిల్ చేసి చూపిస్తారు. మనం వాళ్ల దగ్గరికి వెళ్లడమే తక్కువ.

మా కాలనీ సంఘం తరఫున కొన్నేళ్లుగా ఆ పని చేస్తున్నాం. మొదటి ఏడాది పెద్ద తప్పు చేశాం. ఆ వేసవిలో మా పక్క వీధిలో పూరిళ్లు అంటుకున్నాయి. ఒక ఫైర్‌మ్యాన్ పొగలోకి వెళ్లి మంచం పట్టిన ముసలమ్మను భుజాన వేసుకుని బయటికి తెచ్చారు. ఎవరో ఫోన్లో తీసిన ఆ వీడియో ఊరంతా తిరిగింది. మేం ఆయన్ను పిలిచి దండ వేసి, శాలువా కప్పి, ఫొటోలు దిగాం. సభ అయ్యాక ఆయనే నన్ను పక్కకు తీసుకెళ్లారు. "మాస్టారూ, ఒక్క మాట. పంపు దగ్గర మా డ్రైవర్ గారు ప్రెషర్ తగ్గకుండా చూసుకుంటున్నారన్న ధైర్యంతోనే నేను లోపలికి అడుగు పెట్టాను. ఆయన పేరు కూడా ఒకసారి చదివి ఉంటే బాగుండేది" అన్నారు. ఆ డ్రైవర్ గారు అప్పుడు గేటు బయట ఫైరింజను పక్కనే నిలబడి ఉన్నారు. వీడియోలో ఆయన లేరు. అందుకే మా జాబితాలోనూ లేరు.

ఆ మాట విన్నాక మా పద్ధతి మొత్తం మార్చుకున్నాం. ఇప్పుడు ఎలా చేస్తున్నామో వరసగా రాస్తున్నాను. కాలనీ సంఘమైనా, వర్తక సంఘమైనా, యువజన సంఘమైనా, బడి అయినా ఇదే దారిలో వెళ్లవచ్చు.

1. ముందు స్టేషన్‌కు వెళ్లండి

పేర్ల గురించి తర్వాత ఆలోచించవచ్చు. ముందు ఒక ఉదయం స్టేషన్‌కు వెళ్లి స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌ను కలవండి. మీ సంఘం పేరు చెప్పి, ఎందుకు వచ్చారో చెప్పి, ఎవరెవరు ఏం పని చేస్తారో చూపించమని అడగండి. పండగ సీజన్లోనో, ఎండలు మండే మధ్యాహ్నమో వెళ్లి వాళ్ల పనికి అడ్డం పడకండి.

బయటినుంచి చూస్తే అందరూ ఒకే ఖాకీ బట్టల్లో ఉంటారు. కానీ పనులు వేరు. వాచ్ రూమ్‌లో కూర్చున్నవారు ఫోన్ ఎత్తి, అవతలివాళ్లు ఏడుస్తున్నా కేకలు పెడుతున్నా ఓపిగ్గా అడ్రసు రాబట్టాలి. డ్రైవర్ ఆపరేటర్ బండి నడపడంతో ఆగరు. అక్కడికి చేరాక పంపు నడిపేదీ ఆయనే. లీడింగ్ ఫైర్‌మ్యాన్ ముందుండి ఎవరు ఎటు వెళ్లాలో చెబుతారు. ఫైర్‌మెన్ హోస్ పైపులు ఒకదానికొకటి కలుపుకుంటూ మంట దాకా తీసుకెళతారు. పెద్ద ఫైరింజనులో సాధారణంగా 4,500 లీటర్ల నీళ్లు పడతాయి. బాగా అంటుకున్న చోట అవి నిమిషాల్లో అయిపోతాయి. మళ్లీ నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఏ చెరువు గట్టుకు బండి వెళ్లగలదో, ఏ అపార్ట్‌మెంట్ సంపు దగ్గరో ముందే తెలిసి ఉన్న మనిషి ఆ రోజు ఎంతో విలువైనవాడు. అలాంటి మనిషి ఎవరో స్టేషన్‌లో అడిగితే అందరూ ఒకే పేరు చెబుతారు.

కొన్ని స్టేషన్లలో హోంగార్డులు, ఔట్‌సోర్సింగ్ వాళ్లు కూడా పనిచేస్తుంటారు. రెగ్యులర్ ఉద్యోగుల జాబితా అడిగితే వాళ్ల పేర్లు అందులో ఉండవు. విడిగా అడిగి తెలుసుకోండి.

2. పేర్లు ఎలా ఎంచుకోవాలి?

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టండి. మేం ముగ్గురు సభ్యులతో చిన్న కమిటీ వేసుకుంటాం. ఆ ముగ్గురిలో ఒకరు ఆ ఏడాది ఫైర్ స్టేషన్ సాయం అందుకున్న ఇంటివాళ్లై ఉండాలని నియమం పెట్టుకున్నాం. వాళ్లు చూసినది మిగతావాళ్లెవరూ చూసి ఉండరు.

ప్రతి కాల్‌కూ స్టేషన్‌లో రికార్డు ఉంటుంది. ఫోన్ ఎప్పుడు వచ్చింది, బండి ఎప్పుడు కదిలింది, అక్కడికి ఎప్పుడు చేరింది, ఎవరెవరు వెళ్లారు అన్నీ రాసి ఉంటాయి. రికార్డు చూపించమని పట్టుబట్టకండి. ఫలానా రోజు మా వీధికి వచ్చిన టీమ్‌లో ఎవరెవరున్నారో చెప్పండి అంటే ఆఫీసర్ చూసి చెబుతారు. మొదటి ఏడాది ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే డ్రైవర్ గారి పేరు మాకు తెలిసేది.

పేరు ఖాయం చేసేముందు మాలో మేం వేసుకునే ప్రశ్నలు మూడు. ఈ మనిషి చేసిన పనిని తేదీతో సహా చెప్పగలమా? ఆయన ఆ పని చేయకపోయి ఉంటే ఏమయ్యేది? ఆయనతో పనిచేసేవాళ్లు ఈ పేరుకు ఔనంటారా? మూడో ప్రశ్నకు జవాబు కోసం సిబ్బందినే అడగండి. ఒక్కొక్కరికీ చిన్న చీటీ ఇచ్చి, తన పేరు కాకుండా మరొకరి పేరు, కారణం ఒక వాక్యంలో రాయమంటే చాలు. ఆ వాక్యాల్లో దొరికే సంగతులు బయటివాళ్లకు ఎప్పటికీ తెలియవు. రోజూ పొద్దున్నే పంపు స్టార్ట్ చేసి చూసేది ఎవరో, తడిసిన హోస్ పైపులు ఆరబెట్టి చుట్టేది ఎవరో, కొత్తగా వచ్చిన కుర్రాడికి బ్రీతింగ్ సెట్ తగిలించుకోవడం నేర్పింది ఎవరో అలాగే మాకు తెలిసింది.

నష్టం ఎంత పెద్దదైతే సేవ అంత గొప్పదని లెక్క వేయకండి. బావిలో పడ్డ గేదెను తాళ్లతో పైకి లాగడమూ వాళ్ల పనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు అక్కడ మంటలు లేవు. నీళ్లు తీశాక ఇళ్లలో పేరుకున్న బురద. ఫైరింజన్లతో వచ్చి వీధులు, ఇళ్లు కడిగింది ఈ శాఖ సిబ్బందే. అదంతా ఎవరి ఖాతాలో రాయాలి?

నివారణ పని చేసేవాళ్లకు కూడా ఒక స్థానం ఉంచండి. బడిలో పిల్లలకు ఓపిగ్గా చెప్పే మనిషి, ఆసుపత్రి మెట్ల దారికి అడ్డంగా పెట్టిన మంచాలు తీసేదాకా వదలని అధికారి ఆపిన ప్రమాదాలు ఎవరికీ కనిపించవు. వాళ్లను మనమే వెతికి పట్టుకోవాలి.

3. ఉత్తరం రాయండి

శాలువా ఆ సాయంత్రంతో అయిపోతుంది. సంతకం పెట్టి, తేదీ వేసి పై ఆఫీసుకు పంపిన ఉత్తరం ఫైలులో ఉంటుంది. రేపు అవార్డుకు పేరు పంపాల్సి వచ్చినప్పుడు అధికారి చేతిలో ఆధారంగా పనికొచ్చేది అదే. డబ్బులు చాలక ఒక్కటే చేయగలిగితే సభ మానేయండి, ఉత్తరం మాత్రం రాయండి.

"మీ సిబ్బంది చాలా బాగా పనిచేశారు, కృతజ్ఞతలు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. జరిగింది జరిగినట్టు రాయాలి. మేం రాసే ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది:

"జిల్లా అగ్నిమాపక అధికారి గారికి నమస్కారాలు. ఫలానా తేదీ రాత్రి 11.20 గంటలకు మా వీధిలో ఒక ఇంట్లో వంటగ్యాస్ లీకై సిలిండర్ దగ్గర మంటలు లేచాయి. 101కి ఫోన్ చేశాం. మా వీధి సన్నంగా ఉంటుంది, రెండు వైపులా బైకులు ఉన్నాయి. డ్రైవర్ ఆపరేటర్ ఫలానా గారు ఫైరింజనును రివర్స్‌లో మలుపు దాకా తెచ్చి నిలిపారు. లీడింగ్ ఫైర్‌మ్యాన్ ఫలానా గారు ముందుగా పక్క ఇళ్లవాళ్లను బయటికి పంపించారు. తర్వాత సిలిండర్‌ను నీళ్లతో చల్లబరుస్తూ దగ్గరికి వెళ్లి వాల్వ్ కట్టేశారు. వంటిల్లు పొగచూరింది గానీ ఎవరికీ గాయం కాలేదు. మంట ఆరాక కూడా వెంటనే వెళ్లిపోకుండా, రెగ్యులేటర్ ఎలా చూసుకోవాలో వీధిలో వాళ్లందరికీ చూపించారు. వీరి సేవను గుర్తించవలసిందిగా కోరుతున్నాం."

కింద ఆ ఇంటివాళ్లు, చూసినవాళ్లు సంతకాలు పెట్టాలి. మీరు చూడనిది రాయకండి, చూసినదాన్ని పెంచి రాయకండి. ఒక్క అబద్ధం బయటపడితే ఉత్తరమంతా పనికిరాకుండా పోతుంది, పాపం ఆ మనిషికి చెడ్డపేరు వస్తుంది. ఉత్తరాన్ని స్టేషన్ ఫైర్ ఆఫీసర్ ద్వారా జిల్లా అగ్నిమాపక అధికారికి పంపండి. ఒక కాపీ కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

4. తేదీలు చూసుకోండి

జనవరి 26న, ఆగస్టు 15న జిల్లా కేంద్రాల్లో పరేడ్ అయ్యాక ఉత్తమ ఉద్యోగులకు ప్రశంసాపత్రాలు ఇవ్వడం మనందరికీ తెలుసు. ఆ పేర్లు శాఖల నుంచి ముందే వెళతాయి. కాబట్టి మీ ఉత్తరం కనీసం నెలన్నర ముందు చేరేలా చూడండి. ఆఖరి వారంలో పరుగులు పెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇంతకన్నా పెద్దవి కేంద్ర ప్రభుత్వ పతకాలు. ప్రాణాలకు తెగించి చేసిన సాహసానికి శౌర్య పతకాలు, ఏళ్ల తరబడి మచ్చలేని సేవకు విశిష్ట సేవ, ఉత్తమ సేవ పతకాలు ఉన్నాయి. గణతంత్ర దినానికి, స్వాతంత్ర్య దినానికి ప్రకటిస్తారు. వాటికి ప్రతిపాదన పంపేది శాఖే. మన పని ఆధారాలు అందించడం వరకే.

5. అనుమతి, కానుక

ఫైర్ సిబ్బంది ప్రభుత్వోద్యోగులు. బహుమతులు తీసుకోవడం మీద వాళ్లకు సర్వీసు రూల్స్ ఉన్నాయి. ప్రేమకొద్దీ మీరు చేతిలో పెట్టిన కవరు తర్వాత వాళ్ల మెడకు చుట్టుకోవచ్చు. డబ్బు, బంగారం, ఫోన్లు లాంటివి వద్దు. సభకు పిలిచే ముందు రాతపూర్వకంగా పై అధికారి అనుమతి కోరండి. జ్ఞాపిక, ప్రశంసాపత్రం, పుస్తకం చాలు. స్టేషన్ మొత్తానికి పనికొచ్చేది ఏదైనా ఇవ్వాలనుకుంటే దానికీ ముందుగా ఆఫీసర్‌నే అడగండి.

6. సభ స్టేషన్‌లోనే పెట్టండి

డ్యూటీలో ఉన్నవాళ్లు స్టేషన్ వదిలి రాలేరు. వాళ్లను ఫంక్షన్ హాలుకు పిలిస్తే సెలవులో ఉన్నవాళ్లే వస్తారు. మనమే కుర్చీలు, టీ ఫ్లాస్కులు పట్టుకుని వెళ్లడం మంచిది. గ్యారేజీ ముందు, బండి బయటికి వచ్చే దారిలో మాత్రం టెంటు వేయకండి. కుర్చీ కూడా అడ్డం ఉండకూడదు.

రెండో ఏడాది ఈ జాగ్రత్త ఎంత అవసరమో కళ్లారా చూశాం. ప్రశంసాపత్రం చదువుతుండగా బెల్ మోగింది. శాలువా భుజానే ఉన్న లీడింగ్ ఫైర్‌మ్యాన్ దాన్ని తీసి కుర్చీ మీద వేసి పరిగెత్తారు. మేం తేరుకునేలోపే బండి గేటు దాటింది. నాలుగు కుర్చీలు ఖాళీ, వాటి మీద నాలుగు శాలువాలు, సగం తాగిన టీ కప్పులు. గడ్డివాము అంటుకుందట. గంటన్నర తర్వాత మసి బట్టలతో తిరిగొచ్చారు. అప్పటిదాకా మావాళ్లెవరూ కదల్లేదు. మొహాలు కడుక్కుని వచ్చాక, ఆగిన వాక్యం దగ్గర్నుంచే మళ్లీ చదివాం.

ప్రసంగాలు తగ్గించండి. నాయకులను పిలిచినా రెండు నిమిషాలకు మించి మైకు ఇవ్వకండి. సాయం పొందిన ఇంటివాళ్లు రాగలిగితే వాళ్లతోనే పత్రం ఇప్పించండి. వాళ్లు రాలేమంటే బలవంతపెట్టకండి, కాలిపోయిన వాళ్ల ఇంటి ఫొటోలు ఫ్లెక్సీ మీద వేయకండి. ఆ ప్రమాదంలో ఎవరైనా చనిపోయి ఉంటే ఆ సంఘటనకు సభ అసలు పెట్టకూడదు, ఉత్తరం పంపితే చాలు. మనుషులను కాపాడలేకపోయిన రోజు ఆ సిబ్బంది కూడా బాధలోనే ఉంటారు.

వీలైతే వాళ్ల కుటుంబాలను పిలవండి. దీపావళి రాత్రి ఊరంతా ఇంట్లో ఉంటే, వీళ్ల ఇళ్లలో మాత్రం డ్యూటీకి వెళ్లిన ఆ మనిషే ఉండరు.

7. తర్వాత చూడాల్సినది

పది, పదిహేను రోజులకు ఒకసారి జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి ఉత్తరం చేరిందా, ఫైలులో పెట్టారా అని మర్యాదగా అడగండి. ఆ ఏడాది పేరు రాకపోతే వచ్చే ఏడాది మళ్లీ పంపండి.

మొదటి ఏడాది మేం వదిలేసిన ఆ డ్రైవర్ గారికి తర్వాతి ఏప్రిల్‌లో ఉత్తరం ఇచ్చాం. పూరిళ్లు తగలబడ్డ రోజు పంపు దగ్గర ఆయనేం చేశారో అందులో వివరంగా రాశాం. ఆయన ఫైరింజను పక్కనే నిలబడి మొత్తం చదువుకున్నారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి, "మాస్టారూ, దీనికి ఒక జిరాక్స్ ఇప్పిస్తారా? మా అమ్మాయి ఇంట్లో దాచుకుంటానంటుంది" అని అడిగారు. అప్పటినుంచి ప్రతి ఉత్తరానికీ మూడు కాపీలు తీస్తున్నాం. ఒకటి ఆఫీసుకు, ఒకటి స్టేషన్‌కు, ఒకటి వాళ్ల ఇంటికి.